ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందయ్యా మీ వరస!"

మా ఫైనలియర్ ప్రాజెక్టు రెండో రివ్యూలో, నిండు సెమినార్ హాల్లో మాకు దక్కిన ప్రశంస ఇది. నిజం చెప్పాలంటే సార్‌ని తప్పుపట్టడానికి లేదు. పది నిమిషాలు టైమిస్తే అందులో ఎనిమిది నిమిషాలు ప్లగ్గులు పీకడం, పెట్టడంతోనే గడిపేశాం. మిగతా రెండు నిమిషాలు, ప్రపంచంలో ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు చెప్పే డైలాగ్ చెప్పాం: "సార్, నిన్న రాత్రి పనిచేసింది సార్."

మా ప్రాజెక్టు ఏమంత పెద్దది కాదు. వరి ఆకుని వెబ్‌క్యామ్ ముందు పెడితే అగ్గితెగులు ఉందో లేదో మోడల్ చెబుతుంది. పక్కనే ఒక ఈఎస్‌పీ32 బోర్డు, తేమ, ఉష్ణోగ్రత సెన్సర్లతో. డెమో ల్యాప్‌టాప్ నాది. సన్నగా, అందంగా ఉంటుంది. ఆ అందం కోసం కంపెనీ వాడు పోర్టులన్నీ తీసేసి రెండు టైప్-సి రంధ్రాలు మాత్రం మిగిల్చాడు. అందుకని ఒక చిన్న డాకింగ్ స్టేషన్ కొన్నాను. దానికి ప్రొజెక్టర్ వైరు, వెబ్‌క్యామ్, బోర్డు, మౌస్ రిసీవర్, పెన్‌డ్రైవ్ అన్నీ తగిలించాలి. దాన్నుంచి ఒకే ఒక్క కేబుల్ ల్యాప్‌టాప్‌కి. ఉమ్మడి కుటుంబం మొత్తానికి ఒకే సంపాదనాపరుడన్నమాట.

హాల్లో ఏం జరిగిందంటే, డాక్ మీద లైటు వెలిగింది. మౌస్ కదిలింది. ప్రొజెక్టర్ మాత్రం నీలం తెర చూపిస్తూ కూర్చుంది. వెబ్‌క్యామ్ వస్తుంది, పోతుంది. ప్రతిసారీ ల్యాప్‌టాప్ "టుడుంగ్" అంటుంది. బోర్డు దానంతట అదే రీసెట్ అవుతోంది. ముందు వరసలో కూర్చున్న మేడమ్, "కనెక్షన్లు ఎవరు చూశారు?" అని అడిగారు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాడు మేడమ్" అని మా టీమ్‌మేట్‌ని చూపించాను.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రెండు మాటలే.

అతను డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, రెండో ఏడాదిలో మా క్లాసులోకి వచ్చినవాడు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం మాలో సగం మందికి నేర్పింది అతనే. ఆ రోజు అతను ఏమీ అనలేదు. "సారీ మేడమ్" అని, వైర్లన్నీ చుట్టుకుని, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. "ముందుగా చెక్ చేసుకోవాలి కదా, బాబూ" అని అందరి ముందూ మాట పడింది అతనే. ఆ రాత్రి మెస్‌లో మా టేబుల్ దగ్గరికి రాలేదు.

రూముకి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపం వల్ల అనుకునేరు, కాదు. "వాడు ఎక్కడ తప్పు చేశాడో కనిపెట్టి నిరూపిద్దాం" అనే పట్టుదలతో. డాక్ నా దగ్గరే ఉంది. అన్నీ పీకేసి మొదట్నుంచీ మొదలుపెట్టాను. అప్పుడు తెలిసిన సంగతులు చెబుతాను. ఎందుకంటే వచ్చే నెలలో మీలో చాలామందికి రివ్యూలున్నాయి.

మొదట, ఆ రంధ్రం గురించి. టైప్-సి అనేది కేవలం ఆకారం పేరు. 2014లో వచ్చింది. 24 పిన్నులు. ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. అంతకుముందు దాదాపు పద్దెనిమిదేళ్లు మనం వాడిన పలక మూతి యూఎస్‌బీ ఇలా తిరిగేది కాదు. దాన్ని తయారుచేసిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడైన అజయ్ భట్, మన బరోడాలో చదువుకున్నాయన, ఎటు పెట్టినా పట్టేలా చేస్తే వైర్లు, సర్క్యూట్లు పెరిగి ఖర్చు ఎక్కువయ్యేదని తర్వాత చెప్పారు. సరే, టైప్-సి ఆ బాధ తీర్చింది. కానీ కొత్త బాధ తెచ్చింది. పాత రోజుల్లో ఆకారం చూస్తే పని తెలిసేది. నీలం రంగు వీజీఏ అయితే తెరకి, గుండ్రటి పిన్ అయితే ఛార్జింగ్‌కి. ఇప్పుడు అన్నీ ఒకే మూతితో ఉంటాయి, లోపల మాత్రం ఒక్కోటి ఒక్కో రకం. ఇంటర్‌లో అందరికీ ఒకే యూనిఫాం వేసినట్టు. యూనిఫాం చూసి ఎవడు ఎంపీసీ, ఎవడు సీఈసీ చెప్పగలమా?

లోపల ఏముందో మన హైవే పోలికతో చెబుతాను. టైప్-సి పూర్తి కేబుల్‌లో నాలుగు వేగమైన లేన్లు ఉంటాయి. పక్కనే ఒక సర్వీస్ రోడ్డు ఉంటుంది, అది పాత యూఎస్‌బీ 2.0, వేగం 480 ఎంబీపీఎస్, 2000 నాటిది. ఇవికాక కరెంటు తీగలు. మౌస్, కీబోర్డు, మామూలు వెబ్‌క్యామ్, మన బోర్డులు అన్నీ సర్వీస్ రోడ్డు మీదే వెళ్తాయి. తెరకి వెళ్లే బొమ్మకి మాత్రం హైవే కావాలి. ఇప్పుడు చూడండి తమాషా. ఫోన్‌తో వచ్చే చాలా ఛార్జింగ్ కేబుళ్లలో హైవే అసలు వెయ్యరు. కరెంటు తీగలు, సర్వీస్ రోడ్డు, అంతే. ఫోన్ ఛార్జింగ్‌కి అది చాలు, ధర తక్కువ, మెత్తగా వంగుతుంది. మోసం కాదు. కానీ రెండు కొనల్లోనూ అదే మూతి. బయట ఏ గుర్తూ ఉండదు.

రాత్రి ఒంటిగంటకి నా చేతిలో ఉన్న కేబుల్ సరిగ్గా అదే. తెల్లగా, మెత్తగా, నా ఫోన్‌ది. డాక్‌తో వచ్చిన నల్లటి, పొట్టి, బిరుసు కేబుల్ నా బల్ల మీద పుస్తకాల కింద ఉంది. రివ్యూకి ముందురోజు రాత్రి టెస్టింగ్ అంతా అయ్యాక, "పొడుగ్గా ఉంటే హాల్లో వీలుగా ఉంటుంది" అని కేబుల్ మార్చి సంచిలో పెట్టింది నేనే.

అది ఒక తప్పు. రెండోది కూడా నాదే. హాల్లో ప్లగ్ పాయింట్ దూరంగా ఉందని ఛార్జర్ తగిలించలేదు. "బ్యాటరీ డెబ్బై శాతం ఉంది కదా" అనుకున్నాను. హాస్టల్లో టెస్ట్ చేసినప్పుడు ఛార్జర్ డాక్‌కి ఉంది, డాక్ అక్కడ్నుంచి అందరికీ కరెంటు పంచింది. హాల్లో ఆ కుటుంబం మొత్తం ల్యాప్‌టాప్ ఇచ్చే కాస్త కరెంటు మీద, అదీ సన్నటి పొడుగు కేబుల్ గుండా బతకాల్సి వచ్చింది. లెక్క చూడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. టైప్-సి ఇంకా ఎక్కువ ఇవ్వగలదు కానీ ఎంత ఇస్తుందో పోర్టుని బట్టి ఉంటుంది. ఈఎస్‌పీ32 వైఫైలో డేటా పంపేటప్పుడు ఒక్కసారిగా గుటుక్కున కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే బోర్డు "బ్రౌన్‌అవుట్" అని సీరియల్ మానిటర్‌లో రాసి రీసెట్ అవుతుంది. ఆ కుదుపుకి పక్కన ఉన్న వెబ్‌క్యామ్ కూడా ఊగిపోతుంది. మా "టుడుంగ్" సంగీతం అదే.

ఈ రెండూ ఒకేసారి జరగడం వల్లే ఎవరికీ అంతుపట్టలేదు. పైగా డాక్ మీద లైటు వెలుగుతోంది. "లైటు వెలుగుతోంది కదా, కేబుల్ బాగానే ఉంది" అని నేనే గట్టిగా అన్నాను. లైటు వెలిగితే కరెంటు వచ్చిందనే అర్థం. డేటా దారులన్నీ ఉన్నాయని కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే సగం ఉపద్రవాలు తప్పుతాయి. మన మొదటి ఏడాది ల్యాబ్‌లో ఆర్డినో బోర్డు లైటు వెలిగీ, కంప్యూటర్లో పోర్టు కనబడక ఎంతమంది గంటలు గంటలు డ్రైవర్లు మళ్లీ మళ్లీ ఎక్కించారో గుర్తుందా? చాలాసార్లు అక్కడా జబ్బు ఇదే. ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరాని కేబుల్.

మీ డాక్ గానీ, హబ్ గానీ తిక్కవేషాలు వేస్తే ఏం చెయ్యాలో, నేను ఆ రాత్రి తెలుసుకున్న వరసలో చెబుతాను. వరస ముఖ్యం. మనవాళ్లు సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తారు, అంటే ముందు విండోస్ తీసేసి మళ్లీ వేస్తారు, చివర్లో కేబుల్ మారుస్తారు.

ముందు డాక్‌ని పక్కన పెట్టి, పరికరాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. పనిచేస్తే పరికరం మంచిదే, తగవు మధ్యలో ఉంది. తర్వాత కేబుల్. డాక్‌తో వచ్చిన కేబులే వాడండి, లేకపోతే తెరకి బొమ్మ తీసుకెళ్తుందని ముందే తేలిన కేబుల్. తర్వాత కరెంటు. డాక్‌కి దాని ఛార్జర్ తగిలించండి, ఎక్కువ తాగే పరికరాల్ని ఒక్కొక్కటిగా తీసి చూడండి. తర్వాత పోర్టు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు టైప్-సి పోర్టులున్నా రెండింటికీ ఒకే తెలివి ఉండాలని లేదు. ఒకటి తెరకి బొమ్మ ఇవ్వగలదు, ఇంకోటి ఇవ్వలేకపోవచ్చు. పక్కన మెరుపు గుర్తు ఉందా, డిస్‌ప్లే గుర్తు ఉందా, మోడల్ నంబరు వెతికితే కంపెనీ ఏం రాసింది, చూడండి. పోర్టులో దుమ్ము, సంచిలోని నూలుపోగులు ఇరుక్కుని ప్లగ్ పూర్తిగా దిగకపోవడం కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే సరిపోతుంది. గుండుసూది పెట్టకండి.

ఆ తర్వాత లేన్ల పంచాయితీ. చాలా డాక్‌లు నాలుగు లేన్లలో రెండు తెరకి, రెండు డేటాకి పంచుతాయి. కొన్నింటిలో 4కె తెరని 60 హెర్ట్జ్‌లో నడపాలంటే నాలుగూ తెరకే వెళ్లిపోతాయి. అప్పుడు మీ ఖరీదైన ఎస్‌ఎస్‌డీ సర్వీస్ రోడ్డు మీద ఆర్డినరీ బస్సులా నడుస్తుంది. "డాక్ పాడైపోయింది" అని తిప్పి పంపేస్తాం. అది పాడవలేదు, రోడ్డు పంచుకుంది, అంతే.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? దాని రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉందేమో చూడండి. ఆ 3.0 సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రొద చేస్తుంది, మౌస్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ వాళ్లే 2012లో దీన్ని కొలిచి పత్రం రాశారు. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్‌తో రెండడుగుల అవతల పెడితే పోతుంది. బ్యాటరీలు మార్చి మార్చి అలసిపోనక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాకే సాఫ్ట్‌వేర్. కాసేపు ముట్టుకోకపోతే పరికరం నిద్రపోయి మళ్లీ లేవట్లేదంటే, విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. డాక్ డిస్‌ప్లేలింక్ చిప్‌తో నడిచే రకం అయితే దాని డ్రైవర్ లేనిదే తెర రాదు. లైనక్స్ వాళ్లయితే కెర్నల్ మెసేజీలు తెరిచి పెట్టుకుని ప్లగ్ పెట్టండి. ఏ పరికరం ఏ క్షణంలో ఊడిందో అదే చెబుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది కాగితం మీద రాసుకోండి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చి "హమ్మయ్య, పనిచేసింది" అంటే, అది రిపేరు కాదు, మొక్కుబడి. రేపు మళ్లీ చెడితే ఏ దేవుడికి కొబ్బరికాయ కొట్టాలో తెలియదు.

ఇంతవరకూ సాంకేతికం. ఇప్పుడు నా అభిప్రాయం.

దీంట్లో కంపెనీల తప్పు లేదా? ఉంది. 2008లో యూఎస్‌బీ 3.0 అని వచ్చినదానికే తర్వాత 3.1 జెన్ 1 అని, ఆ తర్వాత 3.2 జెన్ 1 అని పేర్లు మార్చారు. వేగం అదే 5 జీబీపీఎస్. పేరు మాత్రం మూడుసార్లు. యూరప్‌లో ఫోన్లకి 2024 డిసెంబర్ నుంచి టైప్-సి తప్పనిసరి చేశారు, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ నుంచి. మంచిదే, ఛార్జర్ల చెత్త తగ్గుతుంది. కానీ మూతి ఒకటి చేసినంత మాత్రాన లోపలి సంగతి ఒకటి కాదు. ప్రతి కేబుల్ మీదా "ఇంత కరెంటు, ఇంత వేగం, తెరకి పనికొస్తుంది లేదా రాదు" అని చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. కందిపప్పు ప్యాకెట్ మీద తూకం ఉండాలని అడిగే మనం, కేబుల్ మీద ఎందుకు అడగం?

అయితే అంతకంటే నాకు ముఖ్యమైంది మన దగ్గర జరిగేది. పరికరం మొరాయిస్తే మన మొదటి ప్రశ్న "ఏమైంది?" కాదు, "ఎవరు చేశారు?" మేడమ్ అడిగారు, నేను జవాబిచ్చాను. ఆ ప్రశ్నకి జవాబు దొరకగానే వెతకడం ఆగిపోయింది. హాల్లో అంతమంది ఇంజినీర్లం ఉండి ఒక్కరమూ కేబుల్ వంక చూడలేదు. మనిషి దొరికాడు కదా, ఇంక కేబుల్ ఎందుకు?

1998 ఏప్రిల్‌లో షికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శన జరిగింది. బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, క్రిస్ కాపొసెలా అనే ఉద్యోగి విండోస్ 98 ఎంత గొప్పగా పనిచేస్తుందో చూపించడానికి యూఎస్‌బీ స్కానర్ ప్లగ్ పెట్టాడు. తెర నిండా నీలం, సిస్టమ్ క్రాష్. హాలంతా నవ్వులు. గేట్స్ కూడా, అందుకే కాబోలు దీన్నింకా అమ్మకానికి పెట్టలేదని జోకేసి ముందుకెళ్లాడు. కొన్ని వారాలకి జూన్‌లో విండోస్ 98 విడుదలైంది. ఆ కాపొసెలా తర్వాత అదే మైక్రోసాఫ్ట్‌కి చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్ దాకా ఎదిగాడు. మన సెమినార్ హాల్లో అయితే? "ముందుగా చెక్ చేసుకోవాలి కదా, బాబూ."

లెక్చరర్ల వైపు నుంచీ ఆలోచించాను. రోజుకి పదిహేను టీములు, ప్రతి టీమూ "నిన్న పనిచేసింది" అంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? సగం మంది అసలు చెయ్యకుండానే ఆ మాట అంటారని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. సిద్ధంగా రావడం మన బాధ్యతే. ఒప్పుకుంటాను. అందుకే నేను జాలి అడగట్లేదు. మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి, ప్రతి ల్యాబ్‌లోనూ పరీక్షించిన కేబుళ్లు రెండు మూడు ఉంచి, వాటికి ఎర్ర టేపు చుట్టాలి. ఎర్ర టేపు ఉంటే తెరకీ, డేటాకీ, ఛార్జింగ్‌కీ పనికొస్తుందని అర్థం. అనుమానం వచ్చినప్పుడు ముందు అది పెట్టి చూడాలి. రెండు, రివ్యూకి ముందు పదినిమిషాలు అదే హాల్లో, అదే ప్రొజెక్టర్‌తో, అదే ప్లగ్ పాయింట్‌తో సరిచూసుకోనివ్వాలి. మూడు, అందరికీ నచ్చకపోవచ్చు గానీ, డెమో ఆగిపోతే సున్నా వెయ్యకుండా "ఏం చెక్ చేశావు, ఏ వరసలో, ఎందుకు?" అని అడిగి దానికి మార్కులివ్వాలి. చెయ్యకుండా వచ్చినవాడు మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు. చేసినవాడు అక్కడే తేలిపోతాడు. రేపు ఉద్యోగంలో మనల్ని పిలిచేది అన్నీ పనిచేస్తున్నప్పుడు కాదు కదా.

ఇక మిగిలింది మా కథ. మర్నాడు పొద్దున టిఫిన్ టైములో అతని రూముకి వెళ్లాను. తెల్ల కేబుల్ చూపించి, "మార్చింది నేనేరా. ఛార్జర్ వద్దన్నదీ నేనే" అన్నాను.

అతను కేబుల్ వైపు చూడనైనా చూడలేదు. "తెలుసు. నిన్న వైర్లు చుట్టేటప్పుడు చూశాను" అన్నాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"అప్పటికే నా పేరు చెప్పేశావు. మళ్లీ నీ పేరు కూడా ఎందుకులే అని."

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఇద్దరం కలిసి మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాం. నల్ల కేబుల్‌తో, ఛార్జర్ పెట్టి, ఆమె క్యాబిన్‌లోనే డెమో చూపించాం. ఆకు మీద తెగులుందని మోడల్ సరిగ్గానే చెప్పింది. రివ్యూ మార్కులు మారలేదు. మేడమ్ మాత్రం అతని వైపు తిరిగి, "నిన్న నేను తొందరపడ్డాను" అన్నారు. ఆ మాట నలభై మంది ముందు చెప్పి ఉంటే బావుండేదని నాకనిపించింది. కానీ నలభై మంది ముందు అతని పేరు చెప్పింది నేను. అందుకే ఇక్కడ, క్లబ్ పత్రికలో, అంతకంటే ఎక్కువమంది ముందు చెబుతున్నాను. మద్దెల ఓడే. కానీ దాన్ని సంచిలో పెట్టింది నేను.

ఎర్ర టేపు రోల్ ఒకటి కొన్నాం. మూడో అంతస్తు ప్రాజెక్ట్ ల్యాబ్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర సాయంత్రం ఐదు తర్వాత ఉంటాం. మీ కేబుళ్లు తీసుకురండి, కలిసి పరీక్షిద్దాం. పనికిరానివేం పారెయ్యం. వాటికి ఛార్జింగ్ ఉద్యోగం ఇద్దాం.